గడ్డ చర్మానిది, మాత్ర రక్తక్యాన్సర్‌ది: ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 36 ఏళ్లు. భుజం మీద గడ్డ రెండుసార్లు తీయించినా మళ్లీ వచ్చింది. బయాప్సీలో డీఎఫ్‌ఎస్‌పీ అని తేలింది. ఇమాటినిబ్ 400 ఎంజీ రోజుకు రెండు మాత్రలు రాశారు. మెడికల్ షాపులో అది రక్తక్యాన్సర్ మందన్నారు. పొరపాటున రాశారా? ఇది వాడితే ఆపరేషన్ తప్పుతుందా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పొరపాటేమీ లేదండీ. డీఎఫ్‌ఎస్‌పీ అనే ఈ అరుదైన చర్మ క్యాన్సర్‌లో 17, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. దాంతో కణాన్ని పెరగమనే సంకేతం ఆగకుండా వస్తుంటుంది. కణం మీద దాన్ని అందుకునే పీడీజీఎఫ్ రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను ఇమాటినిబ్ అడ్డుకుంటుంది. రక్తక్యాన్సర్‌లో అది ఆపేది వేరే ప్రోటీన్‌ని. ఆపరేషన్‌కు వీలుకాని, తిరగబెట్టిన, వేరేచోటికి పాకిన డీఎఫ్‌ఎస్‌పీకి అమెరికా ఎఫ్‌డీఏ 2006లోనే దీన్ని అనుమతించింది.

ముందు ఒక్క సంగతి కనుక్కోండి: బయాప్సీ ముక్క మీద, ఈ క్రోమోజోమ్ మార్పును పట్టే ‘ఫిష్’ పరీక్ష చేశారా? నూటికి తొంభై మందికి పైగా ఆ క్రోమోజోమ్ మార్పు ఉంటుంది. అది లేని గడ్డ సాధారణంగా ఈ మందుకు లొంగదు. రిపోర్టులో ‘ఫైబ్రోసార్కోమా మార్పు’ (గడ్డ మరింత దూకుడు రకంగా మారడం) అని ఉంటే గడ్డ తగ్గినా ఆ ఫలితం ఎక్కువకాలం నిలవకపోవచ్చు.

ఆపరేషన్ మాట మరిచిపోవద్దు. ఇమాటినిబ్‌తో దాదాపు సగం మందిలో గడ్డ బాగా చిన్నదవుతుంది కానీ పూర్తిగా పోవడం అరుదు. తుంగ వేళ్లలా ఇది పైకి కనబడే గడ్డను దాటి చర్మం కింద పాకుతుంది. రెండుసార్లు తిరగబెట్టడానికి కారణం బహుశా అదే. అందుకే చుట్టూ 2–4 సెంటీమీటర్ల మేర తీస్తారు, లేదా అంచులను మైక్రోస్కోపులో చూసుకుంటూ మోస్ పద్ధతిలో చేస్తారు. గడ్డ చిన్నదైంది కదా అని మందు మీరే ఆపేస్తే మళ్లీ పెరుగుతుంది.

మాత్ర అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. ఖాళీ కడుపున వికారం ఎక్కువ. మింగలేకపోతే 400 ఎంజీ మాత్రను 200 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి వెంటనే తాగించండి. ఒక పూట తప్పిందని తర్వాత రెండు కలిపి వేయొద్దు. పొద్దున కళ్ల చుట్టూ ఉబ్బడం మామూలే. కానీ ఒంట్లో నీరు చేరుతుంది కాబట్టి రోజూ బరువు చూడండి. బరువు గబగబా పెరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. బ్లడ్ కౌంట్ మొదటి నెల వారం వారం, రెండో నెల రెండు వారాలకోసారి చేయించాలి. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 1,000 కన్నా, ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తగ్గితే డాక్టరు కొన్నాళ్లు ఆపి, కోలుకున్నాక మళ్లీ మొదలుపెడతారు. లివర్ పరీక్ష నెలనెలా ఉండాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ దీని బలాన్ని తగ్గించేస్తాయి. అవి వాడుతుంటే ముందే చెప్పండి.

ఖర్చుకు భయపడి మానొద్దు. ఒరిజినల్ కంపెనీ కోరిన పేటెంటును 2013లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. హైదరాబాద్‌లోని నాట్కోతో సహా పలు కంపెనీల జనరిక్ మాత్రలు చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. మందు వల్ల వచ్చే ఇబ్బందుల మూలంగా డాక్టరే డోసు రోజుకు 400కు తగ్గించినా కంగారు పడకండి. చిన్న అధ్యయనాల్లో 400కీ 800కీ గడ్డ తగ్గడంలో పెద్ద తేడా కనబడలేదు.