ప్లాస్టిక్ సర్జరీ కోసం అన్నేళ్లు చదవాలా? ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి వైద్యవిద్య పూర్తి చేసి హౌస్ సర్జన్‌గా పని చేస్తోంది. కాలిన గాయాల వార్డులో డ్యూటీ చేసినప్పటి నుంచి ప్లాస్టిక్ సర్జరీయే చదువుతానని పట్టుబడుతోంది. అన్నేళ్ల శిక్షణ ముగిసేసరికి రోబోలూ కృత్రిమ మేధా ఆ పనంతా చేసేస్తాయని విన్నాను. చర్మవ్యాధుల్లో పీజీ చేయడం మేలా, కొన్ని వారాల కాస్మెటిక్ కోర్సు చేసి వెంటనే ప్రాక్టీసు మొదలుపెట్టడం మేలా? ఆ కోర్సుకు అడ్వాన్సు కూడా కట్టాను. మూడింటినీ పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి

సమాధానం: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ భయం మాత్రం ఒకటే. మీరు రోబోల గురించి రాశారు, కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ యంత్రాలేనని నేను అనుకోవడం లేదు. ఇన్నేళ్లు చదివాక కూడా అమ్మాయి ఇంకా ‘నేర్చుకుంటూనే’ ఉండిపోతుందేమో, తోటివారంతా స్థిరపడ్డాక తను వెనకబడుతుందేమో అన్నదే మీ అసలు బెంగ. దానికే ముందు జవాబు చెబుతాను. మీరు అడిగిన పోలికకు తక్కువ చోటు దక్కితే మన్నించండి.

ఈ శిక్షణ ఎందుకు సుదీర్ఘమో తెలియాలంటే ఒక ఆపరేషన్‌ను దగ్గర నుంచి చూడాలి. క్యాన్సర్ వల్ల దవడ ఎముక తొలగించిన మనిషికి కాలిలోని సన్న ఎముకను, దాని రక్తనాళాలతో సహా తీసి దవడగా అమర్చుతారు. మెడలోని రక్తనాళాలకు ఆ ఎముక రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కలిపి కుట్టాలి. వాటి వ్యాసం కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, కొన్ని ఆపరేషన్లలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వాడే దారం తలవెంట్రుక కంటే సన్నం. సూది పొరపాటున వెనక గోడను కూడా పట్టుకుంటే అక్కడ రక్తం గడ్డకడుతుంది, అమర్చిన భాగమంతా చచ్చిపోతుంది. కుట్లు పూర్తయ్యాక సర్జన్ రెండు సన్నని ఫోర్సెప్స్‌తో (పట్టకార్లతో) నాళాన్ని నొక్కి, మధ్యలోని రక్తాన్ని పక్కకు జరిపి, ఒక ఫోర్సెప్స్‌ను వదిలి చూస్తారు. ఖాళీ అయిన నాళం వెంటనే నిండితేనే దారి తెరుచుకుని ఉన్నట్టు. పని అంతటితో అయిపోదు. అమర్చిన చర్మం రంగు ఎలా ఉంది, వేలితో నొక్కి వదిలితే ఎంత త్వరగా మళ్లీ ఎర్రబడుతోంది అని తొలి రోజుల్లో రాత్రీ పగలూ చూస్తూనే ఉండాలి. కాస్త నీలంగా మారిందనిపిస్తే, ఆ నీలం ప్రమాదకరమైనదా కాదా అన్నది అర్ధరాత్రి కూడా కొద్ది నిమిషాల్లో తేల్చుకుని, అవసరమైతే రోగిని తిరిగి ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాలి. అనుభవమున్న కేంద్రాల్లో ఇలాంటి ఆపరేషన్లు నూటికి తొంభై అయిదుకు పైగా విజయవంతమవుతున్నాయంటే, చేయి తిరగడానికీ కన్ను పదునెక్కడానికీ అక్కడివారు ఇచ్చిన ఏళ్లే అందుకు కారణం.

అమెరికాలో వైద్యపట్టా తర్వాత నేరుగా ఈ శాఖలో చేరేవారికి ఆరేళ్ల శిక్షణ ఉంటుంది. మరో మార్గంలో ముందు జనరల్ సర్జరీ పూర్తి చేసి, ఆపై మూడేళ్లు చదవాలి. ఇతర దేశాల్లో ఏర్పాట్లు వేరైనా, ఈ విద్యను వారాల్లో ముగించే పద్ధతి మాత్రం నేను చూసినంతలో గంభీరమైన శిక్షణ సంస్థ ఏదీ పాటించడం లేదు.

మీరు అడ్వాన్సు కట్టిన కోర్సు సంగతికి వస్తే, నేర్చుకునే వేగంపై జరిగిన ఒక పరిశోధనను మీ ముందుంచాలి. టొరంటో పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్సలో శిక్షణ పొందుతున్న 38 మంది జూనియర్ వైద్యులకు చిన్న రక్తనాళాలు కలిపి కుట్టడం నేర్పారు. సగం మందికి నాలుగు పాఠాలూ ఒకే రోజున చెప్పారు, మిగిలినవారికి వారానికొకటి చొప్పున నాలుగు వారాలు చెప్పారు. పాఠాలు అవే, మొత్తం సమయమూ అంతే. నెల తర్వాత మత్తు ఇచ్చిన ఎలుకల రక్తనాళాలపై పరీక్షిస్తే, విరామాలతో నేర్చుకున్నవారి పనే మెరుగ్గా ఉంది. పాఠానికీ పాఠానికీ మధ్య గడిచే కాలం కూడా చదువులో భాగమేనని దీని అర్థం. మీ అమ్మాయి విషయంలో మీకు వృథాగా కనిపిస్తున్న ఏళ్లలో చాలా భాగం ఇలాంటి కాలమే.

ఇప్పుడు ఆ పొట్టి కోర్సులపై నా సందేహాలు వివరంగా చెబుతాను. ఎందుకంటే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది వాటినే ‘సేఫ్’ దారి అనుకుంటున్నారు. సౌందర్య చికిత్సలను నేను తక్కువ చేయడం లేదు. బాగా శిక్షణ పొందిన సర్జన్ చేతిలో అవి గౌరవప్రదమైన పనే. అయితే ఆ రంగంలో ప్రమాదం ఎక్కడుందో పరిశోధన ఒక్కొక్కటిగా బయటపెడుతోంది, వారాల కోర్సు చదివినవారికి దాన్ని తట్టుకునే సన్నద్ధత ఉండదు. శరీరంలోని కొవ్వు తీసి పిరుదుల్లోకి ఎక్కించే ఆపరేషన్‌నే తీసుకోండి. అది మంచి గిరాకీలో ఉన్న కాలంలోనే, అంటే 2018లో, పలు ప్లాస్టిక్ సర్జరీ సంఘాల ఉమ్మడి బృందం ఒక హెచ్చరిక చేసింది. ఆ ఆపరేషన్‌లో మరణాల రేటు 3,000 మందికి ఒకరి దాకా ఉండవచ్చని అంచనా కట్టింది. కండరంలోకి దిగిన కొవ్వు అక్కడి పెద్ద సిరల్లోకి చేరి, గుండె మీదుగా ఊపిరితిత్తులకు పోవడమే కారణమని శవపరీక్షల్లోనూ శరీర నిర్మాణ అధ్యయనాల్లోనూ తేలింది. ఆ తర్వాత కొవ్వును చర్మం కింది పొరలోనే ఉంచాలనీ, గొట్టం కొన ఎక్కడుందో అల్ట్రాసౌండ్‌తో చూస్తూ చేయాలనీ సూచనలు వచ్చాయి. లోపల ఏ పొరలో ఉన్నామో చేతికి తెలియడం అన్నది సర్టిఫికెట్‌తో వచ్చే విద్య కాదు.

రొమ్ము ఇంప్లాంట్ల కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. ఈ ఇంప్లాంట్లకూ రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక అరుదైన క్యాన్సర్‌కూ సంబంధం ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది. 2019లో గరుకు ఉపరితలం ఉన్న ఒక రకాన్ని తయారీ సంస్థ ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. అప్పటికే ఎందరో స్త్రీల శరీరాల్లో అవి ఉన్నాయి. ఆపరేషన్ చేసిన ఏళ్ల తర్వాత రొమ్ము వాచిందంటూ ఒకామె తిరిగి వస్తే, ఆ వాపును ఎలా పరీక్షించాలో, ఇంప్లాంటును చుట్టూ ఉన్న పొరతో సహా ఎలా తీయాలో తెలిసిన వైద్యురాలు ఆమెకు కావాలి. ముఖంలో ముడతలూ గుంటలూ నింపే ఫిల్లర్ ఇంజెక్షన్లు పైకి ఇంకా తేలికగా కనిపిస్తాయి. కనుబొమల మధ్య గానీ ముక్కు మీద గానీ ఇచ్చిన ఫిల్లర్ రక్తనాళంలోకి చేరి, వెనక్కి ప్రవహించి, కంటికి రక్తం అందకుండా చేసి చూపు పోగొట్టిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అలాంటి క్షణంలో ఆ గదిలో మీ అమ్మాయి ఒక్కతే ఉండి, ఆమె వెనక ఉన్నది కొన్ని వారాల చదువే అయితే ఏమవుతుందో మీరు ఒక్కసారైనా ఊహించి చూశారా?

కొంచెం కటువుగానే చెబుతున్నాను, నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో శిక్షణ ఏళ్ల గురించీ రోబోల గురించీ కోర్సు గురించీ ఉంది. మీ అమ్మాయి మాటలు మాత్రం ఒక్క వాక్యంలో ఉన్నాయి, అది కూడా ‘పట్టుబడుతోంది’ అనే ఫిర్యాదుగా. కాలిన గాయాల వార్డు అందరూ ఇష్టపడి అడిగి వెళ్లే చోటు కాదు. అక్కడి వాసనా, డ్రెస్సింగ్ మార్చేటప్పటి రోగుల కేకలూ భరించలేక ఆ డ్యూటీ ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూసేవారే ఎక్కువ. అది చూసి కూడా అదే పని నేర్చుకుంటానంటున్న అమ్మాయిని ముందు కూర్చోబెట్టుకుని, ‘అక్కడ నీకేం కనిపించింది తల్లీ?’ అని అడగడం మీ బాధ్యత. అది అడగకుండా, ఆమెకు చెప్పకుండా ఆమె పేరు మీద అడ్వాన్సు కట్టడం సరైన పని కాదు. ఇరవై నాలుగు గంటల డ్యూటీలో మనుషుల ప్రాణాలు చూసుకుంటున్న వైద్యురాలిని ఇంట్లో ఇంకా చిన్నపిల్లగానే చూస్తున్నారు.

రోబోల విషయంలో మీ భయం తీర్చడం కష్టం కాదు. రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చేయి వాచిన స్త్రీలకు, లింఫ్ నాళాలను (ఒంట్లోని అదనపు ద్రవాన్ని మోసుకెళ్లే సన్నని గొట్టాలను) సిరలతో కలిపే అతి సూక్ష్మమైన ఆపరేషన్ ఉంది. అందుకోసమే తయారైన రోబోను నెదర్లాండ్స్ వైద్యులు 20 మంది రోగులున్న చిన్న అధ్యయనంలో పరీక్షించి, ఫలితాలను 2020లో ప్రచురించారు. రోబోతో కుట్టడానికి చేతితో కుట్టినదానికంటే ఎక్కువ సమయం పట్టింది, వాడేకొద్దీ ఆ సమయం తగ్గింది. చేతి వణుకును వడకట్టడం, కదలికను చిన్నదిగా మార్చడం రోబో చేసే పని. నాళాన్ని ఎన్నుకునేదీ, కుట్టు ఎక్కడ వేయాలో నిర్ణయించేదీ రోబోను నడిపే సర్జనే. చేతితో కుట్టడం రానివారికి రోబో ఆ విద్య నేర్పిపెట్టదు. కృత్రిమ మేధ సంగతీ అంతే. చాట్‌జీపీటీకి అమెరికాలో ప్లాస్టిక్ సర్జరీ శిక్షణార్థులు ఏటా రాసే పరీక్ష పెట్టి చూసిన 2023 నాటి అధ్యయనంలో, అది దాదాపు మొదటి ఏడాది విద్యార్థి స్థాయిలో నిలిచింది, చివరి ఏళ్లవారికి చాలా వెనకబడింది. ఇలాంటి సాధనాలు ఇకముందు మెరుగవుతాయి, అందులో సందేహం లేదు. పుస్తక జ్ఞానంలో అవి మనిషిని దాటినా, వార్డులో ఆ నీలం రంగు ముందు నిలబడి బాధ్యత తీసుకోవాల్సింది మీ అమ్మాయే.

పైగా ఈ శాఖలో జరిగే పరిశోధన కొత్త పని అవకాశాలను తెస్తోంది. రక్తస్రావాన్ని తగ్గించే అడ్రినలిన్ ఇంజెక్షన్‌ను వేళ్లలో ఇస్తే వేలు కుళ్లిపోతుందని తరతరాలుగా వైద్యవిద్యలో బోధించారు. కెనడాకు చెందిన డాన్ లలోండే బృందం 2005లో 3,110 కేసుల వివరాలు ప్రచురించింది. చేతిలోనూ వేళ్లలోనూ అడ్రినలిన్ వాడిన ఆ కేసుల్లో ఒక్క వేలు కూడా కుళ్లలేదు. దాంతో పూర్తి మత్తు లేకుండా, చేతికి బిగించే టూర్నికే పట్టీ లేకుండా, రోగి మెలకువగా ఉండగానే స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే పీచులు) కుట్టడం వ్యాపించింది. కుట్టిన స్నాయువు పని చేస్తోందో లేదో రోగినే వేలు కదపమని అడిగి ఆపరేషన్ బల్ల మీదే చూసుకోవచ్చు. పెద్ద వసతులు లేని ఆసుపత్రుల్లోనూ చేతి శస్త్రచికిత్సకు దీనివల్ల దారి దొరికింది. చేయో కాలో తీసేసినవారికి తెగిన నరాలను దగ్గరి కండరాల నరాలకు కలిపి, నొప్పి తగ్గించడమూ కృత్రిమ చేతిని కదిలించే సంకేతాలు రాబట్టడమూ మరో కొత్త దారి. సౌందర్యం తప్ప ఈ శాఖలో ఇంకేముందని మీకు అనిపిస్తే ఒక్క సంగతి చెబుతాను. 1954లో బోస్టన్‌లో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసి, 1990లో నోబెల్ బహుమతి అందుకున్న జోసెఫ్ మరే ప్లాస్టిక్ సర్జనే. కాలిన సైనికులకు ఇతరుల చర్మం అతికించినప్పుడు అది ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నే ఆయన్ను ఆ దారి పట్టించింది.

చర్మవ్యాధుల శాఖ గురించి ఎక్కువ రాయను. అది మంచి శాఖ, రాత్రి అత్యవసరాలు తక్కువ, ముందే స్థిరపడవచ్చు. చర్మరోగాల నిర్ధారణలో ఆసక్తి ఉన్నవారికి అది జీవితాంతం సరిపోయే విద్య. మీ అమ్మాయికి ఆ ఆసక్తి ఉన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. ఆసక్తి లేని శాఖలో తొందరగా స్థిరపడి, ఆ తర్వాత అసంతృప్తితో నా దగ్గరికి వచ్చిన వైద్యులను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక చేయాల్సిన పనులు. ఆ కోర్సును రద్దు చేసుకోండి. అడ్వాన్సు తిరిగి వచ్చినా రాకపోయినా దాని కోసం అమ్మాయిని అందులోకి నెట్టకండి. చేతులు వణుకుతాయేమోనన్న అనుమానం ఆమెకే ఉంటే, మైక్రోసర్జరీ ల్యాబ్‌లో కోడితొడలోని రక్తనాళాల మీద సాధన చేసే చిన్న శిక్షణకు పంపండి. ఇప్పుడు చాలాచోట్ల కొత్తవారు సిలికాన్ గొట్టాల మీదా కోడి రక్తనాళాల మీదా చేతులు కుదురు చేసుకున్నాకే జీవుల దగ్గరికి వెళుతున్నారు. తొలి రోజుల వణుకు అందరికీ ఉంటుంది. మోచేతులు ఆనించి కూర్చోవడం, ముందురోజు రాత్రి నిద్రపోవడం, రోజూ కొంచెంసేపు సాధన చేయడంతోనే అది చాలావరకు తగ్గుతుంది.

శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు భవనాన్నీ పేరునూ చూసి మోసపోవద్దు. అక్కడి చివరి ఏడాది విద్యార్థులు రక్తనాళాలు కలిపే ఆపరేషన్లు స్వయంగా ఎన్ని చేశారు, ఎన్నింటిలో కేవలం పక్కన నిలబడ్డారు, సాధనకు మైక్రోస్కోపు వారికి అందుబాటులో ఉందా, అమర్చిన భాగానికి అర్ధరాత్రి రక్తం ఆగితే సీనియర్ ఎంతసేపట్లో వస్తారు, కాలిన గాయాలూ చేతి గాయాలూ గ్రహణమొర్రీ క్యాన్సర్ పునర్నిర్మాణమూ అన్నీ అక్కడే చూడగలరా, ఫలితాలను రోగుల మాటల్లో నమోదు చేసే అలవాటు ఆ విభాగానికి ఉందా అని అడగాలి. ఈ ప్రశ్నలు మీ అమ్మాయే వెళ్లి, అక్కడ చదువుతున్నవారినే అడగాలి. మీరు తోడుగా వెళ్లండి, గది బయట కూర్చోండి.