బ్లాక్ అండ్ వైట్ చేస్తే అమ్మ బొట్టు ఏమైపోయింది?

కలర్ ఫొటోని మంచి బ్లాక్ అండ్ వైట్‌గా మార్చడానికి ఏ యాప్ బాగుంటుందని అడిగారు. యాప్ ఏదైనా ఒకటే. ఒక్క నొక్కుతో రంగంతా పీకేసే డీశాచురేట్ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి. ఎందుకంటున్నానో చెప్తాను.

నాలుగేళ్ల కిందట మా అమ్మానాన్నల పెళ్లయి 50 ఏళ్లు నిండాయి. హాల్లో వాళ్ల పెళ్లినాటి ఫొటో ఒకటుంది, అరచేయంత, బ్లాక్ అండ్ వైట్. దాని పక్కన ఇప్పటి ఫొటో కూడా బ్లాక్ అండ్ వైట్‌లోనే కట్టించి పెడదామనిపించింది. పెరట్లో నీడపట్టున కుర్చీలు వేసి నేనే తీశాను. అమ్మది ఆకుపచ్చ పట్టుచీర, మెరూన్ అంచు. నుదుటిన రూపాయి కాసంత కుంకుమ. అప్పుడే పెట్టుకొచ్చింది కాబోలు, కాస్త రజను రాలి ముక్కు మీద పడి ఉంది. ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఊళ్లో ఒక స్టూడియోలో ఇచ్చి, బ్లాక్ అండ్ వైట్‌గా మార్పించి, 12 బై 18 సైజులో ప్రింటు, ఫ్రేము చేయించాను.

నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "మీ అమ్మ బొట్టేదిరా?" అన్నారు.

నిజంగానే లేదు. నుదురంతా ఒకటే బూడిదరంగు. బాగా దగ్గరికెళ్లి చూస్తే ఉందా లేదా అన్నట్టు ఒక గుండ్రటి గీత, అంతే. చీరకీ అంచుకీ కూడా తేడా తెలియడం లేదు. అమ్మ "పోన్లెండి, బ్లాక్ అండ్ వైట్‌లో అంతేనేమో" అంది కానీ మళ్లీ ఆ ఫ్రేము వైపు చూడలేదు. భర్త పక్కన కూర్చుని బొట్టు లేని మొహం! ఆ తరం ఆడవాళ్లకి అదెలాంటి దెబ్బో మనందరికీ తెలుసు. నాన్న గోడ మీది పెళ్లి ఫొటో చూపించి, "మరి ఇందులో ఉందిగా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

స్టూడియోకి మళ్లీ వెళ్తే అతను "బొట్టే కదా సార్, పెట్టేస్తా" అని మౌసుతో నల్లటి చుక్క ఒకటి దిద్దాడు. అచ్చం స్టిక్కర్ అంటించినట్టుంది. వద్దని చెప్పి ఫైలు వెనక్కి తెచ్చుకున్నాను.

ఇంట్లో జింప్ (ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకుని కూర్చుంటే అప్పుడర్థమైంది, స్టూడియో అతను నొక్కింది ఆ డీశాచురేట్ బటనే అయ్యుండాలి. ఫొటోషాప్‌లో డీశాచురేట్ నొక్కితే అది ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు (సున్నా అంటే నలుపు, 255 అంటే నిండు వెలుగు) తీసుకుని, అన్నిటికన్నా పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేస్తుంది. ఆ లెక్కన అచ్చమైన ఎరుపూ, అచ్చమైన ఆకుపచ్చా, అచ్చమైన నీలమూ మూడూ ఒకే బూడిదరంగు అయిపోతాయి. మా అమ్మది చామనఛాయ. స్క్రీన్ మీద నుదుటి అంకెలు చూస్తే సుమారు 140, 95, 70. కుంకుమవి 180, 30, 40. సగం చేయండి, రెండూ 105! మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది కాబట్టి ఎరుపు 30, ఆకుపచ్చ 59, నీలం 11 శాతం చొప్పున కలిపే పద్ధతి ఇంకొకటుంది, అది చాలా నయం. అందులో నుదురు 106 దగ్గర, బొట్టు 76 దగ్గర వస్తాయి.

జింప్‌లో మోనో మిక్సర్ అని ఉంటుంది. అందులో ఎరుపు 0.3, ఆకుపచ్చ 0.7, నీలం సున్నా పెట్టాను. బొట్టు నల్లగా తేలింది, అంచు విడిగా కనబడింది. నీలాన్ని వదిలేయడం కూడా మంచిదే, డిజిటల్ ఫొటోలో మచ్చలూ రవ్వలూ ఎక్కువగా ఉండేది ఆ ఛానెల్లోనే. ఫొటోషాప్ వాడేవాళ్లకి 2007లో వచ్చిన సీఎస్3 వెర్షన్ నుంచీ బ్లాక్ అండ్ వైట్ అనే సర్దుబాటు ఉంది. అందులో రెడ్స్ తగ్గించి, ఎల్లోస్ కాస్త పెంచండి. లైట్‌రూమ్‌లో ఆరెంజ్‌కి విడిగా స్లైడర్ ఉంటుంది, మన ఒంటిరంగు చాలావరకు అందులోనే పడుతుంది కాబట్టి ఇంకా సులువు. ఫోన్లో స్నాప్‌సీడ్ అయితే బ్లాక్ అండ్ వైట్‌లో రంగు ఫిల్టర్ మార్చి ఆకుపచ్చ పెట్టి చూడండి.

యూట్యూబ్‌లో సగం మంది "రెడ్ ఫిల్టర్ వేయండి, చర్మం నున్నగా వస్తుంది" అంటారు. ఆకాశం నల్లబరచడానికి, కొండలకి, మబ్బులకి అది బ్రహ్మాండం. మన ఆడవాళ్ల మొహానికి వేస్తే బొట్టు తెల్లబడి కూర్చుంటుంది. ఆ వీడియోల్లో నుదుట కుంకుమ ఉన్న మొహం ఒక్కటి కూడా నేను చూడలేదు. వెనకటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనబడేది కాదు, అందుకే దాన్ని ఎర్రబల్బు వెలుగులో కడిగేవారు. దాంట్లో ఎరుపు నల్లగా పడేది. ఎరుపు విషయంలో ఆ పాత ఫిల్మే నేటి బటన్ కన్నా నయమని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి. కెమెరాలో మోనోక్రోమ్ పెట్టి జేపెగ్ తీయకండి, రంగు లేకపోతే తర్వాత కలపడానికి ఏమీ మిగలదు. కలర్‌లోనే తీయండి, వీలైతే రా (RAW) ఫైలుగా, అంటే కెమెరా పట్టినదంతా అలాగే దాచే ఫైలుగా. ప్రింటు ఇచ్చేటప్పుడు కలర్ పేపర్ మీద వేస్తే ఆకుపచ్చ ఛాయ గానీ గులాబీఛాయ గానీ కొట్టొచ్చు, ముందు చిన్న సైజులో ఒకటి వేయించుకుని పగటి వెలుగులో చూసుకోండి. ఫైలు వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, పెన్‌డ్రైవ్‌లోనే ఇవ్వండి.

రెండో ప్రింటు తెచ్చి ఫ్రేములో బిగించి చూపించాను. అమ్మ చీరకొంగుతో అద్దం మీద ముక్కు దగ్గర రెండుసార్లు తుడిచింది. అది దుమ్ము కాదమ్మా, ఆరోజు రాలిన కుంకుమ అని చెప్పాను.