బావకు మాస్టర్ కాపీ వాచీ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను, జీతం 42 వేలు. ఫాల్గుణంలో అక్క పెండ్లి. బావకు పెట్టే వాచీ, బట్టల కోసం ఆర్‌డీలో 60 వేలు జమ చేసిన. ఆయనకు రోలెక్స్ సబ్‌మెరైనర్ అంటే ఇష్టమట. అసలుది పది లక్షల పైమాటే. తెలిసినాయన ఒకాయన మాస్టర్ కాపీ 28 వేలకు ఇప్పిస్తానంటున్నడు, పక్కపక్కన పెట్టినా తేడా తెల్వదంటున్నడు. అది కొనాల్నా, లోన్ తీసుకొని అసలుదే పెట్టాల్నా?

జవాబు: ముందు లోన్ సంగతి తేల్చేద్దాం. పది లక్షలు 14 శాతం వడ్డీకి అయిదేండ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 23,270 రూపాయలు. మీ జీతంలో సగం దాటిపోయింది. మొత్తం కట్టేది దాదాపు 13.96 లక్షలు. పైగా ధర పది లక్షలు దాటిన చేతి వాచీల మీద 2025 ఏప్రిల్ 22 నుంచి దుకాణంలోనే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటున్నారు. రిటర్ను వేసినప్పుడు సర్దుకుంటుంది గానీ ఆ రోజు కట్టాల్సింది మీరే. ఈ ఆలోచన ఇక్కడితో మానేయండి.

ఇక కాపీ. 28 వేలను మీరు పది లక్షల పక్కన పెట్టి చూస్తున్నారు, అందుకే చౌకగా కనిపిస్తోంది. ఆ సరుకుకు ఎమ్మార్పీ ఉండదు, బిల్లు ఉండదు. అదే వాచీని ఇంకొకాయన ఎనిమిది వేలకు ఇస్తానన్నా ఏది సరైన ధరో తేల్చే దారి మీకు లేదు. డబ్బు కూడా ఎవరి సొంత ఖాతాకో యూపీఐలో ముందే కొట్టమంటారు. అలా మీ చేత్తో పంపిన సొమ్ము వెనక్కి రావడం చాలా కష్టం. నకిలీ ట్రేడ్‌మార్కు సరుకు అమ్మడం 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేండ్ల దాకా జైలు. అంత ప్రమాదం నెత్తిన పెట్టుకొని అమ్మేవాడు రేపు రిపేరు అంటే ఫోన్ ఎత్తుతాడా?

‘సెకండ్ల ముల్లు టిక్‌టిక్ అనకుండా పాకుతుంది చూడు’ అని నమ్మిస్తారు. అసలు సబ్‌మెరైనర్ మిషన్ గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఎనిమిది. ఆ వేగంతో కొట్టుకునే మిషన్లు కాపీల్లోనూ పెడతారు కాబట్టి ముల్లు పాకడం దేనికీ రుజువు కాదు. వెనక మూతకు అద్దం ఉండి లోపల చక్రాలు కనిపిస్తే మాత్రం అనుమానమే అక్కర్లేదు: ఈ మోడల్‌కు కంపెనీ ఎప్పుడూ మూసి ఉన్న లోహపు మూతే పెట్టింది.

పెండ్లయిన కొన్నాళ్లకు ఏమవుతుందో చూడండి. కాపీల్లో నూనె సరిగ్గా పడదు, రాపిడికి మిషన్ టైమ్ తప్పుతుంది. రబ్బరు వాషరు నాసిరకం కాబట్టి డయల్ మీద 300 మీటర్లు అని రాసి ఉన్నా చేతులు కడుక్కున్నప్పుడు అద్దం లోపల ఆవిరి పడుతుంది. చవక లోహం మీద పూత వేసినదైతే మన ఎండలకు, చెమటకు పూత లేచిపోతుంది, కింద నికెల్ ఉంటే మణికట్టు దురద పెడుతుంది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో వాచీ మెకానిక్‌కు ఇస్తే విడిభాగాలు దొరక్క మిషన్ మొత్తం మార్చాలంటాడు. బావ ఏ అనుమానమూ లేకుండా హైదరాబాద్‌లో కంపెనీ సర్వీసుకే తీసుకెళ్లాడనుకోండి, వాళ్లు నకిలీని ముట్టుకోరు. అక్కడ కౌంటర్ ముందు ఆయనకు విషయం తెలుస్తుంది, సాయంత్రానికి అక్కకు తెలుస్తుంది. 28 వేలు పెట్టి ఈ మాట కొనుక్కోవడం దేనికి?

అటువైపు వాళ్లే రోలెక్స్ కావాలని అడిగి ఉంటే అది కట్నం కిందికే వస్తుంది, దానికి 1961 నుంచి చట్టం ఉంది. మీ ఉత్తరంలో ఆ ఛాయ లేదు కాబట్టి వదిలేస్తున్నా.

నా లెక్క ఇది. వాచీకి 28 వేలు దాటొద్దు, అది కూడా సొంత పేరున్న అసలు వాచీకే. ఒకప్పుడు మన పెండ్లిళ్లలో హెచ్‌ఎంటీ వాచీ పెడితే ఎవరూ తక్కువ చేసి చూడలేదు. ఈ డబ్బుకు సీకో 5 స్పోర్ట్స్‌లో మోడళ్లు అడగండి. దాదాపు సబ్‌మెరైనర్ తీరులోనే చుట్టూ తిరిగే రింగు, స్టీలు పట్టీ ఉన్నవి ఆ వరుసలో ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వచ్చే 4ఆర్36 మిషన్ నిండా కీ ఇస్తే 41 గంటలు నడుస్తుంది. రెండు రోజులు బీరువాలో పెడితే ఆగిపోతుంది, అది లోపం కాదని బావకు ముందే చెప్పండి. రోజుకు 45 సెకన్లు ముందుకు, 35 సెకన్లు వెనక్కి దాకా కంపెనీ ఒప్పుకున్న తేడాయే. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 లోపు మాత్రం తేదీ తిప్పొద్దు, లోపలి చక్రాల పళ్లు దెబ్బతినొచ్చు. ఆయన రోజూ వాచీ పెట్టుకునే మనిషి కాకపోతే టైటాన్‌లో బ్యాటరీది చూడండి, ధర సగానికి దిగుతుంది, బాధా ఉండదు.

మిగిలిన 32 వేలలో బట్టలకు 12 వేలు. 20 వేలు అక్క పేరు మీదే ఎఫ్‌డీ చేయండి, నామినీ ఎవరో ఆమెనే రాసుకోనివ్వండి. పెండ్లి కానుక కాబట్టి దానికి పన్ను లేదు, అది ఆమె స్త్రీధనం.

కొనేటప్పుడు పెట్టె మీద స్టిక్కర్ చదవండి: దిగుమతిదారు పేరు, నెల, ఎమ్మార్పీ, ఫిర్యాదు నంబరు ఉండాలి. జీఎస్టీ బిల్లులో మోడల్, సీరియల్ నంబరు రాయించి వాచీ వెనకున్న దానితో పోల్చండి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర పడకుండా కౌంటర్ వదలొద్దు. పట్టీ మాత్రం అక్కడే తగ్గించొద్దు. పెండ్లయ్యాక బావ చేతికి కొలిచి తీయించి, తీసిన లింకులు చిన్న కవర్లో వేసి బిల్లుతో పాటు పెట్టెలోనే ఉంచమనండి.