మిషన్ కన్నా ముందు గ్రైండర్

ప్రశ్న: ఇంట్లో ఎస్ప్రెస్సో కోసం 20 వేలు దాచాను. మొత్తం మిషన్‌కే పెట్టనా? కాఫీ గింజలు మిక్సీలో వేసుకుంటాను.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మిక్సీ వద్దమ్మా. నేనూ అదే పొరపాటు చేశాను. సగం నూక, సగం పిండి. నీళ్లు సందు దొరికినచోట జారిపోయి, పది సెకన్లకే పుల్లటి కషాయం దిగింది. సగం డబ్బు బర్ గ్రైండర్‌కు (రెండు పళ్ల చక్రాల మధ్య గింజల్ని ఒకే తీరుగా నలిపేది) పెట్టండి. చేత్తో తిప్పేదైనా సరే, కాస్త చేయి నొప్పి, అంతే. 18 గ్రాముల పొడికి 25-30 సెకన్లలో సుమారు 36 గ్రాముల కాఫీ దిగాలి. తొందరగా దిగితే పొడి ఇంకా మెత్తగా పట్టండి. మిషన్ పెట్టె మీద "15 బార్లు" (నీటి ఒత్తిడి కొలత) చూసి మురిసిపోకండి, కావాల్సింది 9. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడి దీనికి పనికిరాదు. బోరు నీళ్లు అసలే పోయకండి. మా కెటిల్ అడుగున సున్నంలా తెల్లటి పొర పేరుకుంది, మిషన్ గొట్టాల్లోనూ అంతే.