గోల్స్ కొట్టేవాడు కోచ్‌గా పనికొస్తాడా?

ప్రశ్న: సాయంత్రాలు మా కాలనీ పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను. నేనూ ఒకప్పుడు ఫార్వర్డ్‌నే. "గోల్ కొట్టేవాడికి తన గోల్ తప్ప ఇంకోటి పట్టదు, కోచ్‌గా పనికిరాడు" అని మా సీనియర్ ఒకాయన ఎప్పుడూ దెప్పుతుంటారు. మన దేశంలో ముందు వరుసలో ఆడి మంచి కోచ్ అయినవాళ్లు అసలున్నారా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఎందుకు లేరండీ! రైల్వే ఊరి నుంచి అడిగారు కాబట్టి రైల్వే ఆటగాడి గురించే చెప్తాను. ఫార్వర్డ్ పి.కె. బెనర్జీ, అందరికీ పీకే. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తప్ప వేరే లోకం లేదనుకునే రోజుల్లో ఆయన ఈస్టర్న్ రైల్వేకే ఆడారు, 1958లో ఆ పెద్ద టీములన్నిటినీ కాదని కలకత్తా లీగ్ గెలిచిన జట్టులో ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కెప్టెన్, ఫ్రాన్స్ మీద 1-1 డ్రాలో మన గోల్ ఆయనదే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించాం కదా, అందులో ఒకటి ఆయనది, ఇంకోటి జర్నైల్ సింగ్‌ది. జర్నైల్ అసలు డిఫెండర్, తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి, అయినా ఫార్వర్డ్‌గా దింపారు. ఆ పని చేసిన కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, ఒకప్పటి బడిపంతులు. ఆటగాడితో ఎలా మాట్లాడి ఏం రాబట్టాలో పీకే దగ్గరుండి చూసింది అక్కడే అని నా నమ్మకం.

1967లో గాయాలతో ఆట మానేశారు. తర్వాత ఏ క్లబ్బులకైతే ఆడలేదో వాటికే కోచ్ అయ్యారు! 1975 ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నీ ఫైనల్లో ఆయన ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ని 5-0తో చిత్తు చేసింది. రెండేళ్లకి అదే మోహన్ బగాన్‌కి కోచ్‌గా ఈడెన్ గార్డెన్స్ బురదలో పీలే ఆడిన అమెరికా క్లబ్బు కాస్మోస్‌ని 2-2తో నిలబెట్టారు, అందులో ఒక గోల్ మన హైదరాబాదీ హబీబ్‌ది.

ఆయన డ్రెస్సింగ్ రూం మాటలకి 'వోకల్ టానిక్' అని పేరు. 1997 ఫెడరేషన్ కప్ సెమీస్ ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ల పేర్లని వెక్కిరిస్తే, అప్పుడు ఈస్ట్ బెంగాల్ కోచ్‌గా ఉన్న పీకే ఆ వెక్కిరింతనే తన కుర్రాళ్లకి మందుగా పోశారు. కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పైవేల పైచిలుకు జనం, ఈస్ట్ బెంగాల్ కుర్రాడు భైచుంగ్ హ్యాట్రిక్, 4-1తో గెలుపు.

అలాగని టానిక్ ప్రతిసారీ పనిచేయలేదండోయ్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కోచింగ్‌లో కాంస్యం వచ్చింది, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మాత్రం సొంత గడ్డ మీదే క్వార్టర్ ఫైనల్లో సౌదీ చేతిలో 0-1తో ఇంటికొచ్చేశాం. ఎంత టానిక్ పోసినా కాళ్లలో దమ్ము వేరే రావాలి కదా.

మీ విషయానికొస్తే, గోల్ మిస్సయినవాడి కడుపు ఎలా మండుతుందో మీకు తెలుసు, మీ సీనియర్‌కి తెలుసో లేదో మరి. పిల్లాడు ఖాళీ గోల్ ముందు బంతి బయటికి తన్నేస్తే అరవకండి, పక్కకి పిలిచి బంతి అందేటప్పటికి వాడి ఒళ్లు ఏ వైపు తిరిగి ఉందో వాడినే అడగండి. మీ సీనియర్ ఇంకా వినకపోతే హబీబ్ పేరు చెప్పండి. హైదరాబాదీ ఫార్వర్డ్, తర్వాత టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కోచ్.