చంపిన తర్వాతి సీను ఏది?

తమ్ముడూ,

నీ స్క్రిప్టు చదివాను. దానికి మూలమైన బొమ్మల కథనూ పక్కన పెట్టుకుని చదివాను. గాలివానలో లైన్‌మన్ స్తంభమెక్కే సీను బాగా రాశావు. ఇక నాకు కోపం తెప్పించిన చోటికి వస్తాను.

బొమ్మల కథలో నీ హీరో, అంటే ఒంట్లో కరెంటు నింపుకున్న ఆ లైన్‌మన్, చెరువులోకి విషం వదిలిన ఫ్యాక్టరీ యజమానిని సబ్‌స్టేషన్ కంచెకి కట్టేసి పోలీసులకు అప్పగిస్తాడు. అదే కథ సినిమాకి రాసేసరికి వాడి గొంతు పట్టుకుని, ఒంట్లో ఉన్న కరెంటంతా వదిలి మాడ్చేస్తాడు. "కామిక్ వేరు, సినిమా వేరు సార్, విలన్ బతికుంటే థియేటర్లో జనం ఊరుకోరు" అని ఉత్తరంలో కారణం చెప్పావు. సరే. ఆ తర్వాతి పేజీలో అతను ఇంటికెళ్లి, అమ్మ వడ్డించిన పప్పన్నం తింటూ ఆవిడతో సరదాగా కబుర్లు చెబుతాడు. అక్కడ స్క్రిప్టు మూసేశాను. ఊరికి వెలుగిచ్చే చేతులని మొదటి పేజీలో నువ్వే రాశావు కదా. ఆ చేతులతో ఒక మనిషిని కాల్చి వచ్చినవాడికి ముద్ద ఎలా దిగింది?

హీరో చంపకూడదని నేననడం లేదు. చంపితే ఆ చావు తర్వాతి సీన్లోనూ ఉండాలి, ఆ తర్వాతి సీన్లోనూ ఉండాలి, కథ ముగిసేదాకా ఉండాలి. అలా ఉంచలేని రచయిత చంపించకూడదు. ఇన్నేళ్లుగా రాస్తూ నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే.

నువ్వు ఆదర్శంగా చూపించిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్' (2013) సంగతే తీసుకో. రైల్వే స్టేషన్లో సూపర్‌మ్యాన్ జాతివాడే అయిన విలన్ జాడ్ చూపుల మంట ఒక కుటుంబం వైపు జరుగుతుంటే, వేరే దారి లేక సూపర్‌మ్యాన్ వాడి మెడ విరిచేస్తాడు. మోకాళ్ల మీద కూలబడి అరుస్తాడు. ఆ అరుపు దగ్గర నేనూ కదిలిపోయాను. ఆ వెంటనే వచ్చే సీనేమిటి? తన మీద నిఘా పెట్టిన డ్రోన్‌ని కూల్చి జనరల్ ముందు పడేస్తాడు, పక్కనున్న సైనికాధికారిణి అతను అందంగా ఉన్నాడని నవ్వుతుంది. తన జాతిలో మిగిలిన మనిషిని చంపినవాడి దుఃఖం ఏ గాలికి పోయింది? మెడ విరిచినందుకు ఆ సినిమాని తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. నా ఫిర్యాదు అది కాదు, ఆ డ్రోన్ సీను మీద.

కామిక్ రచయిత జాన్ బర్న్ 1988లో సూపర్‌మ్యాన్ కామిక్‌లో ఇదే పని చేయించాడు. వేరే ప్రపంచంలో జీవజాలాన్నంతా తుడిచిపెట్టిన ముగ్గురు క్రిప్టానియన్లను, అంటే తన జాతివాళ్లనే, ఆ జాతికి విషమైన క్రిప్టొనైట్ రాయితో సూపర్‌మ్యాన్ చంపుతాడు. ఆ తర్వాతి కథల్లో అతని మనసు చీలిపోతుంది. తనకే తెలియకుండా మరో వేషంలో వీధుల్లో తిరుగుతాడు. చివరికి తనలాంటివాడు భూమ్మీద ఉండకూడదనుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోతాడు. బర్న్ ఆ పత్రికలు వదిలేశాక మిగతా రచయితలు ఆ బరువు మోశారు. పిల్లల పుస్తకాలని నువ్వు తీసిపారేసిన కామిక్‌లు చేసిన పని ఇది.

"మన నరసింహస్వామి చంపలేదా?" అని కూడా అడిగావు. చంపాడు. మరి పోతన భాగవతంలో ఆ తర్వాత ఏముందో చదివావా? హిరణ్యకశిపుడు పోయాక కూడా స్వామి కోపం చల్లారదు. దేవతలంతా దూరం నుంచే స్తుతిస్తారు. సాక్షాత్తూ లక్ష్మీదేవే దగ్గరికి వెళ్లడానికి జంకుతుంది. ఆఖరికి బ్రహ్మ పంపితే, తండ్రి చావు కళ్లారా చూసిన ఆ పసివాడే వెళ్లి కాళ్ల మీద పడాలి. సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం చూసేది అక్షయ తృతీయనాడే. ఆ ఉగ్రం చల్లారడానికే చందనమని మా ఉత్తరాంధ్ర జనం అంటారు. దేవుడే ఒకణ్ణి చంపితే ఇంత జరిగింది. నీ లైన్‌మన్‌కి ఏమీ జరగలేదు!

ఇంకో రకం మోసం ఉంది, దాని జోలికి అసలు పోవద్దు. హీరో చేతికి మట్టి అంటకుండా విలన్ తనంతట తాను చావడం. 2002 'స్పైడర్‌మ్యాన్'లో విలన్ గాబ్లిన్, తాను ఎక్కి ఎగిరే గ్లైడర్ తనకే గుచ్చుకుని పోతాడు. 2005 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్'లో "నిన్ను చంపను, అలాగని కాపాడాల్సిన అవసరమూ నాకు లేదు" అనే అర్థంలో విలన్‌తో ఒక మాట చెప్పి హీరో రైల్లోంచి ఎగిరిపోతాడు. ఆ రైలు కింద పట్టాలు కూల్చే ఏర్పాటు చేసింది తనే! అదే దర్శకుడు 2008లో 'ద డార్క్ నైట్' తీసినప్పుడు, పడిపోతున్న విలన్ జోకర్‌ని హీరో చేత తాడేసి పట్టించాడు. అందులో ఒక చావు హీరో వల్లే జరుగుతుంది. పోలీసు అధికారి గోర్డన్ కొడుకుని కాపాడబోతే, హంతకుడిగా మారిన ప్రభుత్వ న్యాయవాది హార్వే డెంట్ పడి చనిపోతాడు. ఆ చావుకి ఖరీదుగా డెంట్ చేసిన హత్యలు తన నెత్తిన వేసుకుని, పోలీసు కుక్కలు తరుముతుంటే పరుగెత్తుతాడు. రాస్తే అలా రాయాలి.

కామిక్‌లలో విలన్లు బతకడానికి కారణం మొదట నీతి కాదు, వ్యాపారం. 1940లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ మొదటి సంచికలోనే జోకర్ చచ్చిపోవాల్సింది. ఎడిటర్ విట్నీ ఎల్స్‌వర్త్ చివర్లో ఒక బొమ్మ చేర్పించి బతికించాడు. అదే సంచికలో బ్యాట్‌మ్యాన్ విమానంలోంచి మెషిన్‌గన్ పేలిస్తే, ఇకమీదట హీరో చంపడానికి వీల్లేదన్నాడు. మళ్లీ మళ్లీ వచ్చే విలన్‌ని ఏం చేయాలో తెలియక రచయితలు దశాబ్దాలు తలలు బద్దలుకొట్టుకున్నారు. ఆ యాతనలోంచే మంచి కథలు పుట్టాయి. సినిమాకి ఆ యాతన లేదు. రెండున్నర గంటలు, ఒక టికెట్టు, విలన్ చస్తే లెక్క సరి. నువ్వు దాన్ని ధైర్యం అంటున్నావు. అది సులువు, అంతే.

నాకు అలాంటి ఎడిటర్ దొరకలేదు. ఒక వారపత్రికకి డిటెక్టివ్ సీరియల్ రాశాను. హంతకుణ్ణి చంపకుండా కోర్టు దాకా తెచ్చాను. చనిపోయిన పిల్ల తండ్రి ప్రతి వాయిదాకీ వచ్చి, అదే వరండాలో వాడికి ఎదురుగా బెంచీ మీద కూర్చుంటాడు. ఆ రెండు భాగాల కోసమే సీరియలంతా రాశాను. అవి ఎడిటర్‌కి చప్పగా అనిపించాయట. నాకు మాట మాత్రమైనా చెప్పకుండా తీసేసి, ఇన్‌స్పెక్టర్ చేత వాణ్ణి కాల్పించి, నా పేరుతోనే అచ్చేశాడు. మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయని నాకే చూపించాడు. ఆ సీరియల్‌ని పుస్తకంగా వేయడానికి ఇప్పటికీ నాకు చేతులు రావు. ఈ రోజుల్లో ఆ పెద్దమనిషి స్థానంలో 'డార్క్'గా కావాలనేవాళ్లు కూర్చున్నారు. తెల్లచొక్కా మీద రక్తం పడితే చాలు, లోతు వచ్చేసిందనుకుంటారు. వాళ్ల కోసం నీ కథ పాడుచేసుకోకు.

క్లైమాక్స్ ముట్టుకోకు. చంపించాలనుకుంటే చంపించు. సబ్‌స్టేషన్ నుంచి ఇంటికి అతను నడిచి వచ్చిన దారి మాత్రం నీ స్క్రిప్టులో లేదు, ముందు అది రాయి. ఇంకొకటి. రాత్రి పూట సబ్‌స్టేషన్ ఖాళీగా ఉండదు, షిఫ్టు ఆపరేటర్ ఒకడుంటాడు. లైన్‌మన్‌కి అతను రోజూ ఫోన్లో లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపాను ఎక్కొచ్చన్న మాట, ఇచ్చే మనిషి, ప్రాణం అప్పజెప్పి స్తంభమెక్కే మనిషి. అతను ఆ రాత్రి ఏం చూశాడు, తెల్లారి డ్యూటీలో నీ హీరోతో ఏం మాట్లాడాడు? ఆ సీను రాసి పంపు.

నీ అన్న