ఇజ్రాయెల్ కేర్‌గివర్ పర్మిట్ కోసం పన్నెండు లక్షలు అప్పు చేయొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల దగ్గర పల్లె. నాకు 31 ఏండ్లు, ఇంటర్ చదివిన, కరీంనగర్‌ల ఒక ప్రైవేట్ హాస్పిటల్‌ల ఆరేండ్లు పేషెంట్ల దగ్గర పని చేసిన. మా ఆయన దుబాయ్ నుంచి వచ్చేసి ఇంటికాడనే ఉంటున్నడు, పాపకి 8 ఏండ్లు. ఇజ్రాయెల్‌ల ముసలోళ్ల ఇంట్లనే ఉండి చూసుకునే పని, నెలకి లక్షన్నర అని ఏజెంట్ చెప్పిండు, మొత్తం పన్నెండు లక్షలు అడుగుతుండు. ఊర్ల నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తమంటున్రు. సోమవారం లోపల రెండు లక్షలు అడ్వాన్స్ కట్టాలంట, తర్వాత మా ఆయనని కూడా తీస్కపోతా అంటుండు. కట్టాల్నా వద్దా?

చెల్లెమ్మా, ముందు సోమవారం సంగతి. ఆ రెండు లక్షలు కట్టకండి. ఇజ్రాయెల్ పోవద్దని చెప్పట్లేదు, మీకున్న ఆరేళ్ల అనుభవానికి అది మంచి పనే, మన నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి చాలామంది అక్కడ ఇదే పనిలో ఉన్నారు. నా బాధంతా ఆ పన్నెండు లక్షల గురించి, దానికన్నా ఎక్కువ ఆ మూడు రూపాయల వడ్డీ గురించి.

ముందు ఈ పర్మిట్ ఎట్లా ఉంటుందో చూడండి, ఎందుకంటే లెక్క మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. అక్కడ విదేశీ కేర్‌గివర్‌ని పెట్టుకునే పర్మిట్ మీకివ్వరు, ఆ పెద్దాయనకో పెద్దావిడకో ఇస్తారు, వాళ్లకి రోజంతా మనిషి తోడు అవసరమని తేలాకే. ఆ పర్మిట్ ఉన్న ఇంటికి, అక్కడి లైసెన్స్ ఉన్న బ్యూరో (కేర్‌గివర్లని ఇళ్లలో పనికి పెట్టే ఏజెన్సీ) ద్వారా మిమ్మల్ని తీసుకుంటారు, మీ పాస్‌పోర్ట్ మీద బీ1 వర్క్ వీసా పడుతుంది. దీనికి గడువు మొదటిసారి దిగిన రోజు నుంచి 63 నెలలు, అంటే ఐదేళ్ల మూడు నెలలు. అప్పటికి చూసుకుంటున్న మనిషి దగ్గరే ఇంకా ఉంటే వాళ్లు బతికున్నంత కాలం పొడిగించే అవకాశం ఉంది గానీ దాన్ని లెక్కలో పెట్టుకోకండి. మీ చేతిలో ఉన్నవి 63 నెలలే అనుకోండి.

ఇప్పుడు డబ్బు. 2025 ఏప్రిల్‌లో అక్కడ కనీస వేతనం 6,247.67 షెకెళ్లు (షెకెల్ అంటే ఇజ్రాయెల్ డబ్బు) చేశారు. షెకెల్ 24 రూపాయలు అనుకుంటే లక్షన్నర దగ్గర ఉంటుంది, ఏజెంట్ చెప్పిన అంకె అదే. కానీ అది చేతికొచ్చే డబ్బు కాదు. ఇంట్లోనే ఉంచుకుంటారు కాబట్టి ఉండటానికి, కరెంటు, నీళ్లకి, హెల్త్ ఇన్సూరెన్స్‌లో కొంత వాటాకి జీతంలోంచి కోయొచ్చు, అన్నీ కలిపి 25 శాతం దాటకూడదని చట్టం. వారానికి వంద షెకెళ్లో ఎంతో పాకెట్ మనీ అని ముందే చేతికిచ్చి నెల చివర జీతంలో తగ్గించే అలవాటు కూడా ఉంది. సెలవు రోజు గడపడానికి నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకి తీసుకుంటారు, అదో ఖర్చు. అందుకే నేను మీకు 6,247 వేయను, ఇంటికి పంపగలిగేది నెలకి 4,500 షెకెళ్లు అని వేస్తాను, అంటే లక్షా ఎనిమిది వేలు.

పన్నెండు లక్షలకి నూటికి మూడు అంటే నెలకి 36 వేలు, ఏడాదికి 36 శాతం. మనూళ్లలో మూడు రూపాయలే కదా అని తేలిగ్గా అనేస్తాం, అదే బ్యాంకు వాడు 36 శాతం అంటే లేచి వచ్చేస్తాం. మీరు ఈరోజు అప్పు తీసుకుని, ఇంటర్వ్యూ, మెడికల్, పోలీస్ క్లియరెన్స్, వీసా అని తిరిగి ఆరు నెలలకి విమానం ఎక్కారనుకోండి, అప్పటికే వడ్డీ 2 లక్షల 16 వేలు, అసల్లో కలిస్తే 14 లక్షల 16 వేలు. వచ్చే లక్షా ఎనిమిది వేలల్లో ఇంటి ఖర్చుకి, పాప స్కూలుకి 25 వేలు తీసేస్తే మిగిలే 83 వేలు ఒక్క నెల కూడా తప్పకుండా అప్పుకే కడితే తీరడానికి రెండేళ్లు దాటుతుంది, మొత్తం కట్టేది ఇరవై లక్షలు. 63 నెలల్లో 24 నెలలు మీరు పనిచేసింది ఆ వడ్డీ వ్యాపారి కోసం, ఏజెంట్ కోసం. పాప కోసం కాదు.

ఇదంతా ఒక్క నెల కూడా పని ఆగకపోతేనే. ఈ పనిలో చూసుకునే మనిషి 85, 90 ఏళ్లవాళ్లు, ఆరో నెలలోనే చనిపోవచ్చు. 63 నెలల లోపు అయితే మీరు ఇంకో ఇల్లు వెతుక్కోవచ్చు, దానికి 90 రోజుల టైం ఉంటుంది, కానీ ఆ మధ్యలో జీతం ఉండదు, గది అద్దె ఉంటుంది, ఊర్లో నెలకి 36 వేలు తిరుగుతూనే ఉంటుంది. నా దగ్గరికి ఇట్లాగే అప్పు చేసి వెళ్లిన ఒకావిడ వచ్చింది, ఒక ఇంట్లో సెలవు రోజు కూడా ఇవ్వకుండా చేయించుకుంటుంటే మానేసే ధైర్యం చేయలేకపోయింది, ఎందుకంటే ఒక నెల జీతం పోతే ఇక్కడ అత్తగారింటి ముందు అప్పులవాళ్లు కూర్చుంటారని భయం. నిజానికి వారానికి ఒక సెలవు ఆమె హక్కు, ఆ రోజు పని చేయిస్తే అదనంగా ఇవ్వాలి. అప్పు నెత్తి మీద ఉంటే ఉన్న హక్కు కూడా అడగలేం చెల్లెమ్మా, ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మరి న్యాయంగా ఎంత అవ్వాలి? మన దేశంలో 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంట్‌కి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, వర్కర్ దగ్గర తీసుకునే సర్వీస్ ఛార్జీ 30 వేలు దాటకూడదు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే మొత్తం 35,400, దానికి రసీదు ఇవ్వాలి. ఇజ్రాయెల్ చట్టంలో కూడా వర్కర్ దగ్గర తీసుకునే ఫీజుకి పరిమితి ఉంది, అది పన్నెండు లక్షల దరిదాపుల్లో కూడా ఉండదు. 2023 నవంబర్‌లో రెండు ప్రభుత్వాలు కన్‌స్ట్రక్షన్ పనికి, ఇంట్లో ఉండే కేర్‌గివర్ పనికి ఒప్పందం కూడా చేసుకున్నాయి. అందుకే మీ మొదటి పని హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ క్యాంపస్‌లో ఉన్న టామ్‌కామ్‌కి వెళ్లి ఇజ్రాయెల్ కేర్‌గివర్ ఖాళీలు ఎప్పుడు పడతాయో అడిగి పేరు రాయించుకోవడం, అది తెలంగాణ ప్రభుత్వ సంస్థే. టికెట్, మెడికల్, ట్రైనింగ్, అన్ని ఫీజులు కలిపి రెండు లక్షలు అయిందనుకున్నా, మీ బంగారం బ్యాంకులో పెట్టి నూటికి రూపాయి లోపు వడ్డీకి తెచ్చుకోవచ్చు, అదే 83 వేల చొప్పున కడితే మూడు నెలల్లో బంగారం ఇంటికొచ్చేస్తుంది. రెండేళ్లెక్కడ, మూడు నెలలెక్కడ. ఆర్నెల్లు ఆగాల్సి వచ్చినా ఆగండి, లాభం మీకే.

మీ ఆయన్ని తర్వాత తీసుకెళ్తా అన్న మాట మాత్రం నమ్మకండి. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి అక్కడ కేర్‌గివర్లుగా ఉండటానికి ఆ దేశం ఒప్పుకోదు, ఈ వీసా మీద అక్కడే స్థిరపడే దారీ లేదు. ఆ ఒక్క మాటతోనే నాకు ఏజెంట్ మీద అనుమానం వచ్చింది. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకుందాం అన్నాడా, ఇక మాట్లాడక్కర్లేదు, ఆ విజిట్ వీసా (బీ2) మీద పని చేయడమే నేరం.

యుద్ధం సంగతి మీరు అడగలేదు గానీ నేను చెప్పాలి. 2021 మేలో అక్కడి అష్కెలోన్ పట్టణంలో రాకెట్ పడి కేరళ నుంచి వెళ్లిన కేర్‌గివర్ ఒకామె చనిపోయింది, 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలయ్యాక పరిస్థితి ఇంకా మారింది. చట్టప్రకారం దేశంలోకి వచ్చిన విదేశీయులకి దాడుల్లో ఏమైనా అయితే అక్కడి నేషనల్ ఇన్సూరెన్స్ అనే ప్రభుత్వ సంస్థ కుటుంబానికి పరిహారం ఇస్తుంది, సరైన వీసా మీద వెళ్లమని చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. వెళ్లే ముందే ఇక్కడ ఒక టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి, ఏ దేశం, ఏ పని అన్నది దాచకుండా రాయండి, యుద్ధంలో పోతే క్లెయిమ్ ఇస్తారా లేదా అని రాతపూర్వకంగా అడగండి.

వెళ్లాక డబ్బు ఎన్ఆర్ఈ అకౌంట్‌కే (విదేశంలో సంపాదించింది ఇక్కడ దాచుకునే ఖాతా) పంపండి, దాని వడ్డీకి ఇక్కడ ట్యాక్స్ లేదు, మీ పాత సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడి డబ్బుకి వాడే ఖాతా) మార్పించండి. పొలం కొనాలని మీ మనసులో ఉంటే, ఎన్ఆర్ఐగా ఉన్నప్పుడు మీ పేరు మీద వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా అనే విదేశీ మారక చట్టం ఒప్పుకోదు, ఈ విషయం తెలియక రిజిస్ట్రేషన్ చేయించుకుని తర్వాత ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను. పాపకి పదేళ్లు నిండకముందే వాళ్ల నాన్న గార్డియన్‌గా పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవండి. ఇంకోటి, అక్కడ ఏడాది చేశాక వాళ్లే పని మాన్పించినా, చూసుకునే మనిషి చనిపోయినా ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సెవరెన్స్ (పని ముగిసినప్పుడు ఇచ్చే డబ్బు) వస్తుంది, పెన్షన్ వాటా వేరే, జీతం స్లిప్పులన్నీ ఫోన్‌లో ఫోటో తీసి మీ ఆయనకి కూడా పంపి పెట్టండి, లెక్క తేలేటప్పుడు అవే ఆధారం.

సోమవారం ఏజెంట్‌కి ఫోన్ చేసి మూడు అడగండి: రిజిస్ట్రేషన్ నంబర్, నన్ను తీసుకునే ఇజ్రాయెల్ బ్యూరో పేరు, కట్టే ప్రతి రూపాయికి రసీదు. నంబర్ ఇస్తే ఈ-మైగ్రేట్ అనే మన ప్రభుత్వ సైట్‌లో కొట్టి చూడండి, రాకపోతే నాకు మళ్లీ రాయండి, కలిసి చూద్దాం.